మంచినీళ్ల డ్యూటీ

మా ఊర్ల సముద్రం చూసినోడు
మా నాయిన ఒక్కడే.
మర్రిగూడ అవతల, ఎర్రదుబ్బల,
ఆరువందల ఫీట్లు బోరేసినా దుమ్మే లేసే చోట
పగిళ్ల మల్సూరు అంటె ఎవలకు తెల్వది.
నేవీ మల్సూరు అంటె
మేకలకాడి పోరడు సుత ఇల్లు చూపిస్తుండె.

పదిహేనేండ్లు ఓడ అడుగున కొలువు,
కిటికీ లేని కాడ.
సముద్రం ఎట్లుంటది నాయినా అంటె
"ఉడుకుతది బిడ్డా" అనేటోడు.
ఉప్పునీళ్లు మసలబెట్టి, ఆవిరి చల్లార్చి
మూడొందల మందికి తాగేనీళ్లు చేసుడు ఆయన పని.
యుద్ధం సంగతి అడిగితె మాత్రం
బీడి ముట్టించి బర్రె దిక్కు పోయేటోడు.

సముద్రాన్ని లొంగదీసినోడు
ఇంటికొచ్చి మా బోరుకాడ ఆగిపోయిండు.
ఈ నీళ్లు ఉప్పగుండవు, వాసన రావు.
తియ్యగ గొంతు దిగి
తియ్యగనే ఎముకల్ల కూసుంటయి.
ఆయన ఒడ్డుకొచ్చేటాలకు మా అమ్మ అండాలు
పక్కకు చూడాలంటె మెడ తిరుగకపాయె,
మొత్తం మనిషి తిరుగవట్టె.

ఇత్తడి డేగిశ, రాగి గొట్టం, తడిగుడ్డ.
వాకిట్ల ఇంజన్ రూము లేసింది.
దినమంత కంప కాలిస్తె ఒక్క బిందె.
"తుమ్మలన్ని ఆవిరి చేస్తివి గదయ్యా" అని అమ్మ తిట్టుడు,
ఆ బిందె మీద మూత మాత్రం
దేవునికి పెట్టినట్టు పెట్టుడు.
అమ్మకు, సైదులు అన్నకు, నాకు అవే నీళ్లు.
ఆయన బోరునీళ్లే తాగిండు.
"నేను దర్యానే మింగిన, ఇదేం జేస్తది నన్ను?"
ఆ మాట అబద్ధమని
వంగి చెప్పులు తొడుక్కోలేని దినం
మాకందరికీ తెలిసింది. ఎవ్వరం అనలే.

ఓడమీదినుంచి వచ్చిన ఉత్తరాలు
పోస్టుమాన్ బక్కయ్య అరుగు మీద కూసోని
వాడంత వినేటట్టు చదివేటోడు.
అందుకే వాటిల్ల ముచ్చట్లేం లేవు.
వాన పడ్డదా. బర్రె ఈనిందా. పిలగాడు నడుస్తుండా.
పదకొండో దినం నాడు ట్రంకుపెట్టె తీస్తె
ప్రతి కాయితానికి ఒకే మూల
ఎలుక కొరికినట్టు అరిగిపోయుంది.
ఏందమ్మా ఇది అన్న.
అందరు పోయినంక ఆ మూల
నాలుకకు ఆనిచ్చి చూసేదట.
ఉప్పగుంటె మనిషి బాగున్నట్టు.
అది సముద్రమో చెమటో నేనడుగలే.
డెబ్బై ఏండ్ల మా అమ్మ
కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది.

నల్లాల్ల కృష్ణ నీళ్లొచ్చిన పొద్దు
ముందుగాల ఆయనే దోసిలి పట్టిండు.
పుక్కిట పట్టి శానసేపు నిలవడ్డడు,
మింగలే, ఉమ్మలే.
తర్వాత మింగి, ఏమనకుంట పోయి
రాగి గొట్టం ఊడదీసి
చింతపండుతోని తోమి, గోనెసంచిల చుట్టి
అటక మీద పెట్టిండు.
"డ్యూటీ దిగిన" అన్నడు.
ఆ రాత్రి కల్లు తాగి
ఎవ్వలకు తెల్వని భాషల పాటందుకుండు.

దూడకు ఆయనేసిన ముడి
ఎంత గుంజినా జారకపోయేది, ఒక్క వేలికి ఇడిపోయేది.
సైదులన్నకు ఎంత నేర్పినా రాలే,
ఇప్పుడు కొడవలితోని కోస్తుండు.
దండెం తాడు ఒక్కటి ఇంకా ఆయన కట్టిందే.
తడిచీరెలకు సాగుతది గాని ముడి సడలలే.

ఏటేటా నవంబరుల తెల్లంగి ఏసుకోని
నల్లగొండ బ్యాంకుకు పోయేటోడు,
బతికే ఉన్నట్టు సంతకం పెట్టొచ్చేతందుకు.
"ఏడాదికి సరిపడ బతికొచ్చిన" అని
మిర్చి బజ్జీల పొట్లం అమ్మ చేతిల పెట్టేటోడు.

ఈ నవంబరుల అమ్మను తీస్కపోయిన.
మడతవడ్డ వేళ్లకు పెన్ను నిలువది, ఏలిముద్ర ఏసింది.
"జర ఇటు చూడు అవ్వా, ఫోటో" అన్నడు
కౌంటరుకాడి పిలగాడు.
మెడ తిరుగది గద.
కుర్చీ చేతులు పట్టుకోని
మొత్తం మనిషి తిరిగింది,
రేవుల పెద్ద ఓడ మర్లినట్టు,
తొందర లేకుంట.