ఖాళీ బండి తూకం

ఆదోని పత్తి యార్డు. రాత్రి పదకొండున్నర.
కాటా గదిలో సర్వరు కడుపు నిండిపోయి
ఇంక ఒక్క చీటీ కూడా ఇవ్వనని మొండికేసింది.
గేటు బయట ట్రాక్టర్ల వరస,
బోరాల మీద దుప్పటి ముసుగేసుకున్న రైతులు.

డీఎఫ్‌ని అడిగితే నూటికి నూరూ నిండిందంటుంది.
డీయూని అడిగితే ఫోల్డరు ఫోల్డరూ తిరిగొచ్చి
ముప్పై ఒకటే ఉన్నాయంటుంది.
డిస్కు ఒకటే. సాక్షులు ఇద్దరు.
తక్కిన అరవై తొమ్మిది జీబీ
ఎవరింట్లో ఉన్నట్టు?

చుక్కతో మొదలయ్యే దాపరికాలన్నీ తెరిచాను.
మౌంటు కింద ఏమైనా నక్కిందేమోనని విప్పి చూశాను.
మా సీమలో డబ్బుని కూడా లెక్కే అంటాం కదా,
"లెక్క యాడికి పోయింది మేడమ్" అని
సెక్రెటరీ ఫోన్లో అడిగితే
ఒక్క క్షణం నా మీదే నాకు అనుమానమొచ్చింది.

గుమాస్తా మద్దిలేటి టీ గ్లాసు చేతికిచ్చి
"ఒకతూరి ఇట్లే అయిందిమ్మా" అన్నాడు.
"పత్తి దించినంక, ఖాళీ లారీ తూకం
యాభై కిలోలు ఎక్కువ చూపిచ్చె.
కాటా చెడిందని ఒకరు, డ్రైవరు దొంగని ఒకరు.
నేను ఎక్కి పట్ట ఎత్తి చూస్తే
హమాలీ ఉశేని. మూలకు ముడుచుకొని, నిద్ర."

టీ చల్లారిపోయింది.
మంగళవారం లాగ్ ఫైలొకటి నేనే చెరిపాను.
చెరిపి, పని అయిందని సంతోషపడ్డాను కూడా.
తీసింది పేరు మాత్రమే.
కాటా ప్రోగ్రాము దాని చెయ్యి వదల్లేదు,
పేరు లేని ఆ ఫైల్లోనే
ఆరు రోజులుగా రాస్తూనే ఉంది.
డీయూ హాజరు పిలుస్తుంది; పేరు లేనివాడు పలకడు.
డీఎఫ్ తూకమేస్తుంది, అంతే.

ఎల్‌ఎస్‌ఓఎఫ్ పట్ట ఎత్తింది.
వరస చివర 'డిలీటెడ్' అని ఒక ముక్క,
మధ్యలో ఎక్కడో
అరవై తొమ్మిదికి కాస్త తక్కువ.

ప్రోగ్రాముని ఆపి మళ్ళీ లేపాను.
నూరు కాస్తా ముప్పై రెండయింది.
ఆ మిగిలిన ఒకటి ఏమిటో
ఈ రాత్రికి అడగదలచుకోలేదు.
ప్రింటరు గురగురమని మొదటి చీటీ కక్కింది.

కీబోర్డు మీది దూది నూగు ఊదేసి లేస్తూ
ఉశేనిని ఏం చేశారని అడిగాను.

"ఏం జేస్తాం, లేపి, దించి, మళ్ళా తూచితిమి.
ముప్పై ఏండ్లు బోరాలు మోసినాడు గానీ
వాని బరువు వానికి తెల్లేదు.
'అయితే నేను యాభయ్యేనా అప్పా' అని
శానాసేపు ఆ అంకె దిక్కే చూసినాడు."