ఎడమ మూల జెండా

సోహార్ కాలేజీ గ్రౌండు మీద
పద్దెనిమిదేండ్ల సంది సున్నపు బండి తోలుతున్న.
మాది కోరుట్ల. ఏడో తరగతి దాక సదివిన.
ఆ సదువు ఈ ఉప్పుగాలిల పనికొస్తదని
మొన్నటిదాక నాకు తెల్వదు.

దేవసహాయం సారు లాలాగూడ రైల్వే క్వార్టర్ల మనిషి.
రైల్వే టీముకు ఆరేండ్లు ఆడిండు.
ఆడిండంటే, బెంచీ మీద.
"బెంచీ మీదికెల్లి ఆట కనబడతది రాజలింగూ,
ఆడేటోనికి బంతే కనబడతది" అంటుండె.
ఇక్కడి పోరగాండ్లు కోచ్‌ను కాప్టెన్ అని పిలుస్తరు.
జిందగిల ఒక్క టీముకు గూడ కాప్టెన్ గాని మనిషి
మొదటి ఏడంత ఆ పిలుపు ఇనంగనే
ఎనకకు తిరిగి చూసెటోడు,
ఎవరినో పిలిచిండ్రని.

ఎండకాలం మగ్రిబ్ నమాజైనంక ప్రాక్టీసు.
రంజాన్ల రాత్రి పదింటికి.
సముద్రం దిక్కుకెల్లి ఎండుశాపల వాసన,
లైట్ల చుట్టు పురుగులు,
పిండితే నీళ్ళు కారేటంత ఉక్క.
సారు అరిచెటోడు గాదు.
చేతిల చిన్న నోటుబుక్కు, పెన్సిలు ముక్క.

కప్పు ఒక్కసారే గెలిచిండ్రు.
ఆ దినం వాన.
ఇన్నేండ్లల నా గీతలు కరిగింది ఆ ఒక్క పూటే.
ఏది లోపల, ఏది బయట ఎవ్వలికి తెల్వలే.
గోలే అన్నడు రెఫరీ.
పిల్లలు సారును భుజాల మీద మోసిండ్రు.
ఆ గోల్‌ను మాత్రం ఆయన బుక్కుల రాసుకోలే.

ఓడినయి చానా.
ఓడిన్నాడు బస్సు ముందుగాల ఎక్కి
సీట్ల కింద బూట్లు లెక్కవెట్టుకుంట కూసుండెటోడు.

మార్చిల కాయితం వచ్చింది.
ఆయన జాగ ఇక ఈ దేశపు మనిషికట. ముప్పై దినాల గడువు.
"తప్పేముంది, వాళ్ళ నేల, వాళ్ళ పిల్లలు" అన్నడు.
విజిల్‌ను డెటాల్ నీళ్ళల్ల కడిగి టేబుల్ మీద పెట్టిపోయిండు.
నోటుబుక్కు సొరుగుల మరిచిండో, విడిచిండో.

కొత్త కాప్టెన్ ఖల్ఫాన్.
తొమ్మిదేండ్ల కింద ఇదే గ్రౌండుల లెఫ్ట్ బ్యాక్.
వచ్చిన దినమే బుక్కు తెచ్చి నా ముందటేసిండు.
"రాజ్, ఇది నీ బాస. సదువు."

పేర్లన్ని అరబ్బువి, అక్షరాలన్ని మనయి.
ముంథిర్: తలతోని కొడ్తడు, కండ్లు మూసుకుంటడు.
సులేమ్: పాస్ ఇయ్యడు. ఇంట్ల ఎనమండుగురు,
పంచుకోని పంచుకోని యాష్టకొచ్చినట్టున్నది.
అజ్జాన్: కీపర్ గాదు.
వాళ్ళమ్మకు చెప్పాలె. ఎవరు చెప్తరు?

నాకొచ్చిన అరబ్బీకి, ఆయనకొచ్చిన హిందీకి నడిమిట్ల
ఒక్కొక్కటి దాటించిన.
ఖల్ఫాన్ నవ్విండు, నవ్విండు.
జరసేపటికి "నాది?" అన్నడు.

ఖల్ఫాన్: ఎడమ కాలు బంగారం. ఓడినంక బూట్లు తోమడు.
నాయన పడవ తిరిగి రాలే. వీడు మూడు వారాలు రాలే.
వచ్చినంక ఏమి అడుగొద్దు. బంతి ఇయ్యాలె.

బంగారం చెప్పిన. బూట్ల సంగతి చెప్పిన.
బుక్కు మూయబోతుంటె
"ఇంక రెండు వరుసలున్నయి గద" అని వేలు పెట్టిండు.
అక్షరం రాకున్న లెక్క తెలుస్తది.
చెప్పిన.
వంగి బూటు తాడు ఇప్పిండు.
మళ్ళ కట్టుకున్నడు. మళ్ళ ఇప్పిండు.

ఆఖరి పేజీల నా పేరు.
రాజలింగు: మంచిగ గీస్తడు. ఎడమ మూల ఒక్కటి
నాలుగు వేళ్ళు బయటికి పోతది, మొదటి ఏటి సంది.
చెప్పలే. ఆ మూలకెల్లే మన కార్నర్లు మంచిగ పడుతున్నయి.

"అదేంది?" అన్నడు ఖల్ఫాన్.
"సున్నం లెక్క" అన్న.

పొద్దుగూకినంక, ఎవ్వలు లేంది చూసి,
తాడు పట్టి కొలిచిన.
నాలుగు గాదు. ఐదు.