ఒకటిన్నర పవరు

మా చెక్కసూదికి బెజ్జం ఉండదు, నాలుక ఉంటుంది.
వల ఎక్కడ తెగిందో వేళ్ళే చెబుతాయి.
గలీసియా ఒడ్డున, మల్పికా రేవులో
ముప్ఫై ఏళ్ళుగా నేను వలను చూసింది తక్కువ,
తడిమింది ఎక్కువ.

అందుకే చత్వారం వచ్చిన సంగతి
నాకే ఆలస్యంగా తెలిసింది.
తెలిశాక, చేతులు పొట్టివైపోయాయని నవ్వేశాను.
మందుల చీటీ ఇరియా చదివి పెట్టేది,
పాలడబ్బా మీది తేదీని ముక్కు చదివేది.

మొన్న వానకి మందులషాపులో తలదాచుకుని
గిరగిర తిరిగే స్టాండులోంచి
ఊరికే, ఒక జోడు పెట్టుకున్నాను.
ఒకటిన్నర పవరు. పన్నెండు యూరోలు. ఊదారంగు.
పక్కనున్న బుల్లి అద్దంలో మా మేనత్త!
పలకరించబోయి ఆగాను.

జేబులో ఆ వారం కూలి చీటీ ఉంది.
సెవెరీనో పడవ లెక్క:
గంటలు ముప్ఫై మూడు.
నేను చేసింది ముప్ఫై ఎనిమిది.

ఇంటికొచ్చి బిస్కట్ల రేకుడబ్బా బోర్లించాను.
మూడేళ్ళ చీటీలు.
నేను ఎనిమిది అనుకున్నవన్నీ
ఎడమపక్క తెగి, తెరుచుకుని, మూళ్ళై ఉన్నాయి,
అచ్చం వలలో తెగిన కన్నుల్లా.
వాటిలోంచి ఎంత చేప జారిపోయిందో
తెల్లారేదాకా కూడాను.

తెగిన కన్ను కట్టడం నాకు తెలుసు.
పొద్దున్నే ఆరింటికి సెవెరీనో రేవులో ఉంటాడు.
జోడుకి వలతాడే కట్టి మెడలో వేసుకున్నాను,
ఆకుపచ్చ నైలాను, రెండు ముడులు.
ఊదాకి ఆకుపచ్చ బొత్తిగా నప్పలేదు.
ఉండనీ.