తట్ట ఒకటే

సింగరాయకొండ హైస్కూల్లో
మాబున్నీ టీచరు బోర్డు మీద అడ్డగీత గీసి
పైన ద్రవ్యరాశి, కింద ఘనపరిమాణం రాశారు.
నేను రెండిట్నీ తారుమారు చేసి
పదికి రెండు తెచ్చుకున్నాను.

ఆదివారం బింగినపల్లి కొటార్లలో
అమ్మతోపాటు ఉప్పు మోశాను.
తెల్లారుజామున గోరిన ఉప్పు
తట్టలోంచి చెవి వెనగ్గా కారతా
మెడనరం పట్టి లాగింది.
మధ్యాహ్నం, గట్టు మీద ఆరిన కుప్పలోంచి
అదే తట్ట, అంచుదాకా,
ఉరుకుతా పోయి పోసొచ్చాను.

రాళ్ల సందుల్లో గాలుంటే ఒక బరువు,
ఉప్పునీళ్లుంటే ఇంకో బరువు.
తట్టకు మూడు రూపాయలు మాత్రం
పొద్దునా అంతే, మధ్యాహ్నమూ అంతే.

పీడనం సంగతంటారా,
పాత పావడా మెలేసి
అమ్మ నా నెత్తిన చుట్టకుదురు పెట్టింది.
అది జారిన ఒక్క అడుగులో
మొత్తం బరువు తట్ట కింది బద్ద మీదికొచ్చి
నడినెత్తిన దిగింది.
బరువు పెరగలేదు. చోటే తగ్గింది.
అరికాళ్ల కింద ఉప్పురాళ్లకైతే
ఏ చుట్టకుదురూ లేదు.

రాత్రి నోట్సులో మళ్లీ గీత గీశాను.
పైన, అమ్మ మోసింది.
కింద, మేస్త్రీ లెక్కేసింది.
ఈసారి తారుమారు కాలేదు.

చదివి వినిపిస్తే
పాదాల పగుళ్లకు కొబ్బరినూనె రాసుకుంటా అమ్మ
"ఇదేదో ఆ మాలకొండయ్యకు చెప్పగూడదామ్మే" అంది.
ఇంకో పాదం అందుకుని
కాసేపాగి,

"వద్దులే.
తట్ట పెద్దది చేస్తాడు."