వీపులు

పామూరు దాటాక గుర్రం దిగమన్నాడు వెలుగొండయ్య.
"పైనుంచి చూస్తే అన్నీ వీపులే అబ్బయా,
ఏది కుంటతందో తెలవదు."

దిగాను.
మూడొందల జోడిపి గొర్రెలు.
గిట్టల కింద నలిగే తుమ్మకాయల వాసన.
నా జీను మీదికి
రాత్రి బీట్లో పుట్టిన పిల్ల ఎక్కింది,
బొడ్డు ఇంకా ఆరలేదు,
గోనెసంచిలోంచి తల బయటపెట్టి
నాకన్నా కుదురుగా కూర్చుంది.

కోవూరులో కోతలు అయ్యుంటాయి.
రాత్రికి ఇన్ని వడ్లని మందకి బేరం.
"మా జీవాలు పండుకున్నా కూలే,"
బీడీ ముట్టించుకున్నాడు.

కలిగిరి వాగులో చెలమ తోడి
ముందు గుర్రానికి, తర్వాత మాకు.
ఇసకలోనే మంద కట్టారు.

చీకట్లో ఒక్కో వీపూ తడుముతూ
లెక్కబెట్టుకుంటా వచ్చాడు.
నా వీపు మీద చెయ్యి పడింది.
లెక్క ఆపలేదు.