పది మణికట్టుతో

మద్దిలేటన్న గనిలోకి దిగంగానే
సుత్తి పట్టడు, రాతికి చెవి పెడతాడు.
వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి
"గట్టిగా ఉంది, దిగండి" అంటాడు.
లేదంటే ఏమీ అనడు,
జేబులోంచి ఎర్రగుడ్డ తీసి కట్టెకు కడతాడు.

బేతంచెర్ల ఎండకు
బండ మీద చిలికిన నీళ్ళు చూస్తుండంగానే మాయం.
ఆ ఎండలో కూచోని ఆయన మంచు గురించి చెప్తే
మా హుసేనమ్మ నవ్వలేక గంప దించుకునింది.

పద్నాలుగేండ్లు కాశ్మీరం కొండల మీద.
కాళ్ళకు చెక్కలు కట్టుకొని జారే షోకు జనం
ఇంకా దుప్పట్లలో ఉండంగానే
చీకట్లో వీళ్ళు పైకి పోయేవాళ్ళంట.
మంచులో నిలువు గుంత తవ్వి
గోడను వేళ్ళతో చదివేవాళ్ళంట.
ఇది దీపావళి నాటి మంచు,
ఇది మొన్న గాలి తోలి పెట్టింది,
మధ్యలో ఇదిగో, చక్కెర మాదిరి రాలే పొర,
దీన్ని నమ్మొద్దు.

పైన పార ఆనించి కొడతారంట.
పది మణికట్టుతో.
పది మోచేతితో.
పది భుజం దింపి.
ఎంత తక్కువ దెబ్బలకు పలక జారితే
కొండ అంత కోపం మీద ఉన్నట్టు.

"పలకా?" అంటి నేను.
"పలకే. మన నాపరాయి ఎట్ల లేస్తాదో
మంచు కూడా అట్లే లేస్తాది.
పొరకూ పొరకూ మధ్య
చిటికెడు మన్ను చాలు, మాట తప్పేదానికి."

జనం రాకముందే మందు పేల్చి
పడాల్సింది పడగొట్టి,
తాడు కట్టి, జెండా నాటి,
అప్పుడు కిందికి సైగ.
"మెత్తన అనుకుంటారు. కూలి నిలిచినాక
సిమెంటే. వేలు కదలదు.
పావుగంట. ఆ లోపల తవ్వాల."
ఒక్కసారి ఇరవై రెండు నిమిషాలయిందని చెప్పి
బీడీ వెలిగించకుండానే నోట్లో పెట్టుకున్నాడు.
ఎవరని మేము అడగలేదు.

మొన్న భాద్రపదంలో మూడు దినాలు ముసురు.
గని అంచున ముక్కరాళ్ళ తిప్ప,
మా నాయన కాలం నుంచి పోసింది,
దాని కింద ఎర్రగుడ్డ కట్టినాడు.
కర్నూలు నుంచి దిగిన గుత్తేదారు పీకేసినాడు.
మళ్ళా కట్టినాడు.
"ఈడ మంచు పడ్తాదేంరా మిలిట్రీ?
లారీ నిలబడింది, బాడుగ నువ్వు కడ్తావా?"
అన్న ఉలకలేదు. గుడ్డ పక్కనే
గొడుగు లేకుండా మాపటి దాకా కూచున్నాడు.
లారీ చుట్టు తిరిగి పోయింది.

తిప్ప పడలేదు.
వారమైనా పడలేదు.
అందరూ నవ్వినారు, నేను కూడా.
ఆయన కూలి సగం కోసినారు.
"పడలేదు కదన్నా?" అంటే
సద్ది మూత తీసి, ఉల్లిగడ్డ కొరికి
"ఊఁ. పడలేదు" అన్నాడు,
ఈయేడు శెనక్కాయ బాగా దిగిందని చెప్పినట్టు.

గుడ్డ ఎండకు వెలిసి గులాబీ రంగుకు తిరిగింది.
తిప్ప ఇంకా అట్లే ఉంది.
రాత్రి పిల్లోడు నిద్రపోయినాక
ఇంట్లో నాపరాళ్ళ నేల మీద పండుకొని
వేలి కణుపుతో కొట్టి చూస్తి.
పొయ్యి దగ్గర ఒక బండ
డొల్లగా పలికింది.