నాలుగు శాతం మిగులు

గడువుకి పంతొమ్మిది రోజుల ముందే తాళాలు అప్పగించాం.
అంచనాలో నాలుగు శాతం మిగిల్చాం.
ఫిషింగ్ హార్బర్ ఉప్పుగాలికి తుప్పు పట్టని తలుపులు,
లోపల మైనస్ ఇరవై,
నివేదికలో ప్రతి గడికీ పచ్చరంగు.
శాలువా కప్పారు. ఫొటోలో నా వెనక
డాల్ఫిన్ నోస్ కొండ కూడా
కాస్త గర్వంగా నిలబడినట్టే ఉంది.

మొన్న ఆడిట్‌కని పాత ఫైలు అడిగితే
సహకార సంఘం గుమస్తా గరికిన దానయ్య
దారం తెగిన కట్ట ఒకటి తెచ్చాడు.
నా చేతికి ఎన్నడూ రాని మొదటి పేజీ అందులో ఉంది.
నాకు పద్నాలుగో పేజీ నుంచే పంపారు:
పునాది లోతు, గోడ మందం, కంప్రెసర్ల లెక్క.
మొదటి పేజీలో ఒకే వాక్యం,
ఎవరో సిరా పెన్నుతో రాసింది.
"పొద్దు వాలిందని మన ఆడవాళ్ళెవరూ
చేపను తెగనమ్ముకోకూడదు."

నాలుగు దాటాక జెట్టీ వైపు నడిచాను.
తెడ్డు కాసులమ్మ తట్ట ముందు గొంతుక్కూచుంది.
కానాగంతలు. పదకొండు కిలోలుంటాయేమో.
పొద్దున్న కిలో నూట అరవై అన్నవి
ఇప్పుడు డెబ్బైకి ఇస్తోంది,
ఈగల్ని తోలుతూ, కొనేవాడి మొహం చూడకుండా.

"అంత చల్లటి గది ఉంది కదమ్మా,
అందులో పెట్టుకోవచ్చుగా" అన్నాను.
నవ్వింది.
"గది మంచిదే బావూ.
అర టన్నుకి తక్కువైతే తలుపు తియ్యరట.
నా తట్ట ఎప్పుడు అర టన్నవుతాది?"

అప్పుడు గుర్తొచ్చింది.
మొదటి డ్రాయింగులో పడమటి గోడకి
నడుమెత్తున ఒక చిన్న కిటికీ,
దాని వెనక తట్టలు పట్టే నలభై అరలు.
ఖర్చు తగ్గించే సమావేశంలో
ఎర్ర పెన్నుతో కొట్టేసింది నేనే.
"ఇది దేనికి?" అని అడిగాను కూడా.
బల్ల చుట్టూ తొమ్మిది మందిమి.
ఒక్కరికీ తెలీదు.

ఆ కిటికీయే నా నాలుగు శాతం.

టేపు సరైనదే, అంగుళం తేడా లేదు.
దాని కొస తగిలించాల్సిన మేకు మాత్రం
పదమూడు పేజీల అవతల ఉండిపోయింది.

లోపల వంజరం, టైగర్ రొయ్య
ఎగుమతి పెట్టెల్లో గాఢంగా నిద్రపోతున్నాయి.
వినియోగం తొంభై రెండు శాతమని
బోర్డు మీద రాసి ఉంది.
అదీ నిజమే.

కాసులమ్మ చివరి రెండు కిలోలూ
యాభై లెక్కన వదిలించుకుని
తట్ట బోర్లించి నీళ్ళు దులిపింది.
నేను పడమటి గోడ దగ్గరికెళ్ళి
సుద్దముక్కతో
నడుమెత్తున ఒక చదరం గీశాను.
వాచ్‌మన్ విజిలేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.
"సారూ, కొత్త గోడ! గీయకూడదు!"